బెంచీ మీద కూర్చునేవాడికి జీతమెందుకు?

గుణుపురం పక్కన ఫుట్‌బాల్ క్లబ్బు టీము నడుపుతున్న తమ్ముడు అడిగింది ఇదీ: "పెద్ద క్లబ్బులు 25 మందిని పోషిస్తాయి, ఆడేది 11 మందే. మిగతావాళ్ళకి కోట్లు పోసి కూర్చోబెట్టడం దండగ కాదా? మా దగ్గర 15 మందే ఉన్నారు. రెండేళ్ళుగా బాగానే లాక్కొస్తున్నాం. ఎక్స్‌ట్రా ప్లేయర్లని పెంచమని కమిటీలో ఒకాయన ఒకటే గోల. నిజంగా అవసరమంటారా?"

తమ్ముడూ, నేను రాయగడలో ఇరవై ఏళ్ళకి పైగా కుర్రాళ్ళకి బంతి ఆట నేర్పుతున్నాను. అంతకు ముందు ఆడాను, ఆడినదానికంటే ఎక్కువ బెంచీ మీద కూర్చున్నాను. కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త పక్షపాతం ఉంది, అది ముందే చెప్పేస్తున్నా. అయినా మీ కమిటీ పెద్దాయన మాటలో సగం తప్పుంది. నీ మాటలోనూ సగం తప్పుంది. ఆయన తలకాయలు లెక్కపెడుతున్నాడు. నువ్వు రెండేళ్ళు గడిచిపోయాయని చూస్తున్నావు. రెండేళ్ళు గడిచాయంటే నీకు ఇంతవరకూ సరైన చోట దెబ్బ తగల్లేదని మాత్రమే అర్థం.

ముందు దెబ్బల లెక్క చూద్దాం. యూరప్‌లోని పెద్ద క్లబ్బుల్లో ఎవరికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలిందో స్వీడన్ డాక్టర్ యాన్ ఎక్‌స్ట్రాండ్ బృందం 2001 నుంచి రాసి పెడుతోంది. ఆ లెక్క ప్రకారం 25 మంది ఉన్న జట్టుకి ఒక సీజన్‌లో సుమారు 50 దెబ్బలు తగులుతాయి. అంటే మనిషికి రెండు. అవన్నీ ఆటకి దూరం చేసే దెబ్బలే, గీరుకుపోయినవి కావు. తొడ వెనక కండరం పట్టేయడం, అదే హ్యామ్‌స్ట్రింగ్, మొదట్లో మొత్తం దెబ్బల్లో 12 శాతం ఉండేది. 2021-22 నాటికి 24 శాతానికి చేరింది. ఆట వేగం పెరిగింది, మ్యాచ్‌లు పెరిగాయి. ప్రపంచంలోకెల్లా మంచి ఫిజియోలు, మంచి తిండి, బిలియర్డ్స్ బల్లలాంటి గడ్డి ఉన్నచోట లెక్క ఇది. మన మైదానాల్లో రాళ్ళు ఏరుకుని ఆడతాం, దానికి లెక్క రాసేవాడే లేడు.

కాబట్టి పెద్ద క్లబ్బు 25 మందిని పెట్టుకోవడం దర్జా కోసం కాదు. ఏ శనివారం చూసినా ఇద్దరో ముగ్గురో ఆస్పత్రి పనిలో ఉంటారు, ఒకడు సస్పెన్షన్‌లో ఉంటాడు, ఇంకొకడు దేశం జట్టుకి ఆడి విమానం దిగి కళ్ళు నులుముకుంటూ ఉంటాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోనైతే ఆ 25 కూడా ఇష్టం వచ్చినట్టు నింపుకోవడానికి లేదు. అందులో 17 మందికి మించి ఇంగ్లండ్, వేల్స్ క్లబ్బుల బయట తయారైనవాళ్ళు ఉండకూడదు. 21 ఏళ్ళ లోపువాళ్ళని మాత్రం జాబితాలో రాయనక్కర్లేదు, ఎంతమందినైనా ఆడించుకోవచ్చు. అందుకే అక్కడ అకాడమీ కుర్రాడంటే అంత మక్కువ. జాబితాలో చోటు తినడు, బెంచీని మాత్రం నింపుతాడు.

ఇది తేలిక సంగతి, ఎవరికైనా అర్థమవుతుంది. ఒకడు పడిపోతే ఎన్ని ఖాళీలు ఏర్పడతాయన్నదే నాకు ఈ ఆట నేర్పిన అసలు సంగతి. ఒకటి అనుకుంటాం. రెండు, ఒక్కోసారి మూడు.

ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ సంగతి చెప్తాను, దీనికంటే మంచి పాఠం నాకు దొరకలేదు. 2019-20లో 99 పాయింట్లతో లీగ్ గెలిచారు. ఆ వేసవిలో నాలుగో సెంటర్ బ్యాక్, అంటే వెనక మధ్యలో అడ్డు నిలబడే డిఫెండర్, లోవ్రెన్‌ని అమ్మేశారు, అతని బదులు ఎవర్నీ కొనలేదు. ముగ్గురున్నారు కదా చాలనుకున్నారు. అక్టోబర్ 17న ఎవర్టన్ మైదానంలో వాన్ డైక్ మోకాలి లిగమెంటు పోయింది. నవంబర్‌లో ఇంగ్లండ్ జట్టు ప్రాక్టీసులో జో గోమెజ్ మోకాలు పోయింది. జనవరి చివర్లో మాటిప్ చీలమండ. ముగ్గురికీ సీజన్ అయిపోయింది.

ఇక్కడిదాకా దురదృష్టం, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తర్వాత చేసింది చూడు. మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్యలో, బంతి లాక్కోవడంలో మొనగాడు ఫాబినోని వెనక్కి పంపారు. తర్వాత కెప్టెన్ హెండర్సన్‌నీ వెనక్కి దించారు. కాగితం మీద తెలివైన పనే, ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళు, డిఫెన్స్ పూర్తిగా కూలిపోలేదు కూడా. కాని మిడ్‌ఫీల్డ్ ఖాళీ అయింది. బంతి ముందుకు వెళ్ళడం మానేసింది. ముందు గోల్స్ కొట్టాల్సిన అదే సలా, అదే మానే, గోళ్ళు గిల్లుకుంటూ నిలబడ్డారు. సొంతగడ్డ మీద 68 లీగ్ మ్యాచ్‌లు ఓడని జట్టు 2021 జనవరిలో బర్న్‌లీ చేతిలో ఓడింది, దాంతో కలిపి ఇంట్లోనే వరసగా ఆరు ఓడింది. ఒక చిల్లు పూడ్చడానికి ఇంటి మధ్యలో మట్టి తవ్వారన్నమాట.

మార్చిలో లెక్క మార్చారు. ఫాబినోని మళ్ళీ మిడ్‌ఫీల్డ్‌కి తెచ్చారు. వెనక నాట్ ఫిలిప్స్, రీస్ విలియమ్స్, అరువుకి తెచ్చుకున్న కబాక్, వీళ్ళతో సర్దుకున్నారు. వాన్ డైక్ కాలిగోటికి సరిపోరని వాళ్ళ అభిమానులే అనేవాళ్ళు. ఫలితం? చివరి 10 మ్యాచ్‌ల్లో 8 గెలుపు, 2 డ్రా. లీగ్‌లో మూడో స్థానం. మధ్యలో గోల్‌కీపర్ అలిసన్ ఆఖరి క్షణాల్లో తలతో గోల్ కొట్టిన విడ్డూరం ఒకటి, దాన్ని ఏ కోచ్ ఖాతాలోనూ రాయలేం. మొత్తం మీద, పక్క చోటు నుంచి లాక్కొచ్చిన గొప్ప ఆటగాడి కంటే ఆ చోటుకే తయారైన మామూలు ఆటగాడు జట్టుకి ఎక్కువ పనికొచ్చాడు. నేను బ్యాకప్ అనేది వాణ్ణి. గొప్పవాడు కానక్కర్లేదు. వాడు దిగితే మిగతా పదిమంది ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి.

ఈ పాఠం టీవీలో చూడక ముందే నేను నేర్చుకుని ఉండాల్సింది. చాలా ఏళ్ళ కిందట మునిగుడ వైపు ఒక మేకపోతు టోర్నమెంటుకి 14 మందిని తీసుకెళ్ళాను. ఆ టోర్నమెంట్లు నీకు తెలియనివి కావు, మొదటి బహుమతి పెద్ద మేకపోతు, రెండోది చిన్నది, కప్పు కంటే దానికోసమే ఎక్కువ కొట్లాట. సెమీ ఫైనల్ పొద్దున మా స్టాపర్‌కి, అదే సెంటర్ బ్యాక్‌కి, చలిజ్వరం పట్టుకుంది. మన అడవుల్లో ఆ జ్వరం గురించి చెప్పక్కర్లేదు. బెంచీ మీద సవర కుర్రాడొకడు ఉన్నాడు, మూడేళ్ళుగా నాతోనే తిరుగుతున్నాడు, స్టాపర్‌గానే ప్రాక్టీసు చేస్తాడు. వాడి మీద నాకు నమ్మకం లేదు. ఎందుకు లేదంటే వాణ్ణి ఎప్పుడూ ఆడించలేదు గనక. ఎందుకు ఆడించలేదంటే నమ్మకం లేదు గనక. ఇలా మూడేళ్ళు గడిపాను, నా తెలివి అది. చివరికి మా టీములో కెల్లా మంచి హాఫ్‌ని, అంటే మిడ్‌ఫీల్డర్ని, తీసుకెళ్ళి స్టాపర్ చోట నిలబెట్టాను. వాడు అరగంట గోడలా నిలబడ్డాడు కూడా. కాని బంతి సెంటర్ లైను దాటితే ఒట్టు. 3-0తో పోయింది. తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ మాట్లాడలేదు. ఆ సవర కుర్రాడు మాత్రం అందరికీ నీళ్ళ సీసా అందించాడు. మా మైదానంలో బెంచీ కుర్రాళ్ళని ఒడియాలో "పాణి పిలా" అని ఎగతాళి చేసేవాళ్ళు, నీళ్ళందించే పిల్లాడని. ఆ రోజు నుంచి ఆ మాట నా దగ్గర ఎవరన్నా అంటే ఐదు రౌండ్లు పరిగెత్తాలి.

తెలుగులో దానికి సరైన మాట మనకి చిన్నప్పటి నుంచి ఉంది, ఆటలో అరటిపండు. టీములో ఉన్నట్టే ఉంటాడు, లెక్కలో ఉండడు. బెంచీని అరటిపండ్లతో నింపి "మా దగ్గర 20 మంది ఉన్నార"ని చెప్పుకునే టీములు మన జిల్లాలో కావలసినన్ని. మీ కమిటీ పెద్దాయన అడుగుతున్నది అదే అయితే వద్దని చెప్పు. డబ్బున్నవాళ్ళకీ ఆ జబ్బు వస్తుంది. చెల్సీ 2022-23లో కొన్నవాళ్ళని కొన్నట్టే పోగేసి 30 మందికి పైగా చేర్చింది, డ్రెస్సింగ్ రూములో చోటు చాలడం లేదని వార్తలొచ్చాయి. లీగ్‌లో 12వ స్థానంలో తేలారు. ఆడతామో లేదో తెలియని మనుషులు అంతమంది ఒకచోట ఉంటే ప్రాక్టీసు కూడా సంతలా ఉంటుంది.

మరి బెంచీ మీదవాడు అరటిపండు కాకుండా ఉండాలంటే ఏం చేయాలి? మన పౌరాణిక నాటకాల వాళ్ళని చూడు. పండక్కి మన ఊళ్ళకి వచ్చే సమాజాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఉంటారు కదా. రెండో కృష్ణుడు ఒకటో కృష్ణుడికి గొంతు పోతుందేమోనని తెర వెనక కాచుకుని కూర్చోడు. ఆయనకి ఆయన సీను ఉంది, ఆయన పద్యాలున్నాయి, ఆయనకి ఒన్స్‌మోర్‌లు ఉన్నాయి. రాయబారం సీనుకి రెండో ఆయనే కావాలని పట్టుబట్టే ఊళ్ళున్నాయి. సీను లేని నటుడు నటుడు కాదు. బ్యాకప్‌కి కూడా సొంత సీను ఉండాలి.

పెద్ద క్లబ్బుల్లో ఈ సంగతి గోల్‌కీపర్ల దగ్గర బాగా కనిపిస్తుంది. అక్కడ రెండోవాడి బతుకు మరీ కష్టం. మిగతా చోట్ల అలసిపోయాడనో, ఎత్తుగడ మార్చాలనో మార్పులు జరుగుతాయి, గోల్‌కీపర్ని ఎవరూ మార్చరు. మాంచెస్టర్ సిటీలో స్కాట్ కార్సన్ ఏళ్ళ తరబడి మూడో కీపర్‌గా ఉండేవాడు, ఆడిన మ్యాచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటివాడు రోజూ ప్రాక్టీసులో పెద్ద స్ట్రైకర్లకి ఎదురు నిలబడి బంతులు తింటాడు, కుర్ర కీపర్లకి నేర్పుతాడు. ఆ జీతం దేనికో స్టేడియంలో కూర్చున్నవాడికి కనబడదు.

లివర్‌పూల్ అప్పటి రెండో కీపర్ కెల్లెహర్‌కి అప్పటి కోచ్ క్లాప్ ఒక సీను రాసిచ్చాడు, లీగ్ కప్. ఆ టోర్నమెంటులో వాణ్ణే నమ్ముకుని ఫైనల్‌ దాకా వచ్చాక అలిసన్‌ని దింపుతాడని అందరూ అనుకున్నారు. దింపలేదు. 2022 ఫిబ్రవరి 27, చెల్సీతో ఫైనల్, అదనపు సమయం తర్వాత కూడా 0-0. చెల్సీ కోచ్ పెనాల్టీల కోసమని ఆఖరి నిమిషంలో తన కీపర్ని తీసేసి కెపాని దించాడు. లివర్‌పూల్ వాళ్ళు 11కి 11 కొట్టారు, కెపా ఒక్కటీ ఆపలేకపోయాడు. పదకొండో పెనాల్టీ కీపర్ల వంతు. కెల్లెహర్ కొట్టాడు, కెపా బంతిని గోల్ పోస్టు పైకి పంపాడు. 11-10.

కెపాని దించడం పిచ్చిపని కాదు, ఆ ఉపాయం అంతకు ముందు పారింది కూడా. 2014 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ కోచ్ వాన్ ఖాల్ 120వ నిమిషంలో టిమ్ క్రుల్‌ని దించాడు, వాడు కోస్టారికా పెనాల్టీలు రెండు ఆపి గెలిపించాడు. ఒకసారి పారింది, ఒకసారి పారలేదు. కాబట్టి కీపర్ని మార్చడమే మంత్రం అనుకోకు.

అదే 2014 ఫైనల్ కథ నాకు ఇంకా ఇష్టం. జర్మనీ మిడ్‌ఫీల్డర్ ఖెదీరాకి మ్యాచ్‌కి ముందు ఒళ్ళు వేడెక్కించుకుంటుండగా పిక్క పట్టేసింది. కొద్ది నిమిషాల ముందు చెప్పి క్రామర్‌ని దించారు. క్రామర్ తలకి గట్టి దెబ్బ తగిలి అరగంటకి తూలుతూ బయటికి వచ్చాడు. అతని చోట షూర్లే వచ్చాడు. 88వ నిమిషంలో క్లోజేని తీసి గోట్జేని పంపారు. 113వ నిమిషంలో ఎడమ పక్క నుంచి షూర్లే బంతి అందించాడు, గోట్జే ఛాతీతో దించుకుని కొట్టాడు. ప్రపంచ కప్పు తెచ్చిన గోల్‌లో ఇచ్చినవాడూ కొట్టినవాడూ ఇద్దరూ బెంచీ నుంచి వచ్చినవాళ్ళే. క్రామర్‌కి ఆ మ్యాచ్ సరిగ్గా గుర్తే లేదట పాపం.

ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. 1962 ప్రపంచ కప్పులో బ్రెజిల్ పెలేకి రెండో మ్యాచ్‌లోనే తొడ పట్టేస్తే అమరిల్డో వచ్చి స్పెయిన్ మీద రెండు, ఫైనల్లో ఒకటి కొట్టాడు. 1966లో ఇంగ్లండ్ ఆటగాడు గ్రీవ్స్ కాలికి దెబ్బ తగిలితే వచ్చిన హర్స్ట్ ఫైనల్లో మూడు కొట్టాడు. అప్పట్లో ఇంకో చిక్కు ఉంది, ఆట మధ్యలో మనిషిని మార్చడానికి వీల్లేదు. ప్రపంచ కప్పులో సబ్‌స్టిట్యూట్‌లు 1970లో వచ్చారు. దెబ్బ తగిలినవాడు కుంటుతూ ఒక పక్కన నిలబడేవాడు, లేదా 10 మందితో ఆడేవాళ్ళు.

ఆ రోజుల్లోనే భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఏం చేశాడో తెలిస్తే, "మనిషిని చోటు మార్చకూడద"ని ఇంతసేపు చెప్పిన నా మాటకి నువ్వే అడ్డు తగులుతావు. స్టాపర్ జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ని సెమీస్‌లోనూ ఫైనల్‌లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు రహీం. సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒకటి కొడితే జర్నైల్ ఇంకొకటి. 2-1, బంగారు పతకం. ఆ ఫైనల్‌కి గోల్‌లో పీటర్ తంగరాజ్ తిరిగొచ్చాడు, అంతకు ముందు ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు. ఇద్దరు కీపర్లూ ఎవరు దిగినా దిగులు లేనివాళ్ళే. ఇక జర్నైల్‌ని ముందుకి పంపినా కుదిరింది ఎందుకంటే వెనక అరుణ్ ఘోష్ లాంటివాళ్ళు ఉన్నారు. వెనక చిల్లు పడకుండా చూసుకున్నాకే ముందుకు పంపాడు. లివర్‌పూల్ చేసింది దీనికి తలకిందులు.

ఇప్పుడు కాలం మారింది. 2020 మేలో కరోనా వేళ తాత్కాలికంగా ఐదుగురు సబ్‌స్టిట్యూట్‌లని ఒప్పుకున్నారు, 2022లో దాన్ని ఖాయం చేశారు. హాఫ్ టైమ్ కాక మూడుసార్లే ఆట ఆపి మార్చాలి, అందుకే ఇద్దరిద్దర్ని కలిపి దించుతుంటారు. కీపర్ని పక్కన పెడితే పదిమందిలో ఐదుగురు, అంటే సగం జట్టు. 60వ నిమిషం తర్వాత మైదానంలో ఉండేది నువ్వు మొదట చూసిన జట్టు కాదు. బెంచీ బలం ఇదివరకు జబ్బు చేసినప్పటి మందు, ఇప్పుడు రోజూ తినే అన్నం. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో కేరళ చేతిలో 1-0తో వెనకబడి ఉంటే 88వ నిమిషంలో సమం చేసిన సాహిల్ తవోరా బెంచీ నుంచి వచ్చినవాడే. తర్వాత పెనాల్టీల్లో గెలిచారు.

ఇన్ని చెప్పాక నువ్వు అనబోయేది నాకు తెలుసు, తక్కువమందితో గెలిచినవాళ్ళు లేరా అని. ఉన్నారు. ఆస్టన్ విల్లా 1980-81లో 42 మ్యాచ్‌లకి 14 మందినే వాడి ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. లాటరీ తగిలినవాడు అప్పు తీర్చినట్టు అది. డబ్బుకి కొదవ లేనివాళ్ళకీ అన్నిసార్లూ కుదరదని కూడా చెప్పాలి. 2024 సెప్టెంబర్‌లో మిడ్‌ఫీల్డర్ రోడ్రి మోకాలు పోయాక మాంచెస్టర్ సిటీ ఆ శీతాకాలం ఒక దశలో 13 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. డిఫెన్స్‌లోనూ దెబ్బలున్నాయనుకో. కాని రోడ్రి చేసే పని చేసేవాడు ఆ ఖరీదైన బెంచీ మీద ఇంకొకడు లేడు. అది డబ్బుతో వచ్చిన చిక్కు కాదు, ఇల్లు కాలేదాకా బావి గుర్తు రాకపోవడం.

ఇక నీ 15 మంది సంగతి. కొత్తగా ఐదుగుర్ని చేర్చకు. ఒక కాగితం తీసుకుని నీ పదకొండుమంది పేర్లు ఎవరి చోట వాళ్ళవి రాయి. ఒక్కొక్క పేరు కొట్టేస్తూ, వీడు రేపు రాకపోతే ఎంతమందిని కదపాలో చూడు. ఒక్కణ్ణి దించితే సరిపోయే చోట్లకి నీకు కంగారు లేదు. ఇద్దరు ముగ్గురు కదలాల్సిన చోటు ఏదో ఒకటి తగులుతుంది, సాధారణంగా స్టాపరో, ఎడమ కాలుతో ఆడే బ్యాకో. ఆ చోటుకి మాత్రమే ఒకణ్ణి వెతుకు. నాకైతే ఎడమ కాలు కుర్రాళ్ళు కాశీపూర్ వైపు నుంచే ఎక్కువ దొరికారు, ఎందుకో తెలీదు.

రెండో కీపర్ తప్పకుండా ఉండాలి. కీపర్ వేలు విరిగిన రోజున పొడుగ్గా ఉన్నాడని ఎవడికో గ్లవ్స్ ఇచ్చి నిలబెట్టడం చాలాసార్లు చూశాను. 2007లో వాన్ డర్ సార్ ముక్కు విరిగితే మాంచెస్టర్ యునైటెడ్ డిఫెండర్ ఓషే గ్లవ్స్ తొడుక్కుని ఒక గోల్ ఆపేశాడు కూడా. అది నవ్వుకుంటూ చెప్పుకోవడానికి బాగుంటుంది, దాన్ని నమ్ముకోకు.

మొదటి రౌండ్ మ్యాచ్‌ల్లో, 2-0తో ముందున్నప్పుడు కాదు, మ్యాచ్ మొదలైనప్పటి నుంచే ఇద్దరు బెంచీ కుర్రాళ్ళని ఆడించు. గెలుపు ఖాయమైపోయాక ఆఖరి పది నిమిషాలకి దించితే వాడికి తెలుస్తుంది, తనని ముష్టికి దించారని. భయం ఉన్నప్పుడు ఆడితేనే భయం పోతుంది. మొదట్లో ఒకటి రెండు మ్యాచ్‌లు ఓడతావు, కమిటీ నిన్ను తిడుతుంది, అది నువ్వు పడాలి.

ఇంకో సంగతి చిన్నదే. మేకపోతు గెలిస్తే మీ ఊళ్ళో వాటాలు ఎలా వేస్తారో నాకు తెలీదు. మా దగ్గర ఇదివరకు ఆడినవాళ్ళకి మాంసం, ఆడనివాళ్ళకి పులుసు అన్నట్టు ఉండేది. ఇప్పుడు తూకం వేసి అందరికీ సమానంగా పంచుతాం, తలకాయ మాత్రం ఆ రోజు బెంచీ మీద ఎక్కువసేపు కూర్చున్నవాడి ఇంటికి వెళ్తుంది. ఆ సవర కుర్రాడి అమ్మ ఒకసారి తలకాయ కూర వండి టిఫిన్ క్యారియర్‌లో నాకూ పంపించింది. కారం చాలా ఎక్కువ.